జెర్సీలకు అడ్వాన్స్ ఇచ్చే ముందు: టీమ్ పేరుకు ట్రేడ్‌మార్క్ గొడవ రాకుండా ఎలా చూసుకోవాలి

మా ఇంట్లో బైకు తుడిచే గుడ్డ మీద ఇప్పటికీ ఒక పులి తల ఉంటుంది. దాని కింద సగం చెరిగిపోయిన టీమ్ పేరు. నాలుగేళ్ల కిందట వైజాగ్ ఎంవీపీ కాలనీ కుర్రాళ్లం కలిసి సంక్రాంతి టోర్నమెంటు కోసం పద్దెనిమిది జెర్సీలు ప్రింట్ చేయించాం. పేరు ఖాయం చేయడానికి మాకు పట్టింది టీ తాగినంత సేపు. మ్యాచ్ ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన వారానికి వేరే ఊళ్లోని కోచింగ్ అకాడమీ నుంచి మెసేజ్ వచ్చింది. ఆ పేరూ, ఆ పులి తలా తమవేనని, కావాలంటే చూసుకోమని రిజిస్ట్రేషన్ నంబరు కూడా పెట్టారు. మేం పెద్దగా భయపడలేదు గానీ మా స్పాన్సర్ భయపడ్డాడు. "తమ్ముడూ, నా షాపు పేరు కూడా ఆ జెర్సీ మీదే ఉంది కదా" అన్నాడు. ఇస్తానన్న మిగతా డబ్బు ఇవ్వలేదు. ఆయన తప్పేం లేదు.

ఆ తర్వాత కొత్త పేరు వెతుక్కోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. అప్పుడు నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. నేను లాయర్‌ని కాదు. నోటీసు చేతికి వచ్చాక లాయర్ దగ్గరికే వెళ్లాలి. నోటీసు రాకుండా చూసుకోవడం మాత్రం మన చేతుల్లో ఉన్న పనే, పెద్ద ఖర్చు కూడా కాదు.

ముందు, ఇది మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి

ఆదివారం పొద్దున్నే ఏయూ గ్రౌండ్‌లో ఆడుకుని, టిఫిన్ చేసి ఇళ్లకు వెళ్లిపోయే టీమ్ అయితే ఏ పేరు పెట్టుకున్నా సాధారణంగా ఎవరూ అడగరు. మన దేశంలో ఈ వ్యవహారం నడిపేది 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం. ఒక పేరును వ్యాపారంలో వాడినప్పుడే అది అడ్డం పడుతుంది. కానీ ఆ వ్యాపారం మనం అనుకున్నదానికంటే ముందే మొదలైపోతుంది. స్పాన్సర్ డబ్బు తీసుకుని ఆయన పేరు వేశారా? ఫ్యాన్స్‌కి టీషర్టులు అమ్మారా? టీమ్ పేరుతో సమ్మర్ క్యాంపు పెట్టి పిల్లల దగ్గర ఫీజు తీసుకున్నారా? మ్యాచ్‌లు యూట్యూబ్‌లో లైవ్ ఇస్తూ మధ్యలో యాడ్స్ వేస్తున్నారా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతాది చదవండి.

మొదటి పని: ఒక్క పేరు కాదు, పది పేర్లు రాయండి

ఒక్క పేరే అనుకుంటే దాని మీద మమకారం పెరిగిపోతుంది. తర్వాత రికార్డుల్లో అలాంటిది కనిపించినా "మనది స్పెల్లింగ్ వేరు కదా", "వాళ్లది వేరే రాష్ట్రం కదా" అని మనమే వాదించుకుంటాం. మేం చేసింది అదే. వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ పెట్టే ముందే పది పేర్లు సిద్ధం చేసుకోండి. వెతుకులాట అయ్యాక మిగిలిన వాటికే ఓటింగ్ పెట్టండి. ఓటింగ్‌లో గెలిచిన పేరును తర్వాత తీసేయాలంటే గ్రూపులో జరిగే గొడవ ముందు ట్రేడ్‌మార్క్ గొడవ ఎంత!

ఆ పది పేర్లలో కనీసం ఆరు ఒకేలా ఉంటాయని ముందే చెప్పగలను: వైజాగ్ టైటాన్స్, వైజాగ్ వారియర్స్, వైజాగ్ లయన్స్, వైజాగ్ కింగ్స్, వైజాగ్ రాయల్స్, వైజాగ్ స్టీలర్స్. ఊరి పేరు ముందు తగిలించాం కాబట్టి కొత్త పేరు అయిపోయిందనుకుంటాం. అసలు చిక్కు అక్కడే ఉంది.

వైజాగ్ స్టీలర్స్ సంగతే చూద్దాం. ఉక్కునగరం ఉన్న ఊరికి ఇంతకంటే అతికే పేరు లేదనిపిస్తుంది. కానీ కబడ్డీ లీగ్‌లో హరియాణా స్టీలర్స్ 2017 నుంచి ఉంది. ఆ టీమ్ యజమాని జేఎస్‌డబ్ల్యూ, అదీ ఉక్కు కంపెనీయే. అమెరికాలో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 1940 నుంచి ఆ పేరుతోనే ఫుట్‌బాల్ ఆడుతోంది. ఇక 'వైజాగ్ స్టీల్' అంటే మన స్టీల్‌ప్లాంటు బ్రాండే. అంటే ఒక్క పేరు మూడు వైపులా తగులుతోంది. ముందు సగం స్టీల్‌ప్లాంటును, వెనక సగం హరియాణా జట్టును గుర్తుచేస్తాయి. చూసినవాళ్లు "స్టీల్‌ప్లాంటు వాళ్ల టీమేమో" అనుకుంటే తప్పు వాళ్లది కాదు. సరిగ్గా ఆ 'అనుకోవడాన్నే' చట్టం పొరపాటు పడే అవకాశం అంటుంది. మీకు మోసం చేయాలన్న ఉద్దేశం లేకపోయినా సరే.

పిట్స్‌బర్గ్ వాళ్ల కథ కూడా తమాషాగా ఉంటుంది. 1933లో ఆ జట్టు మొదలైనప్పుడు పేరు పైరేట్స్. అదే ఊళ్లో బేస్‌బాల్ జట్టు అప్పటికే ఆ పేరుతో ఉంది. ఏడేళ్లు అలాగే నెట్టుకొచ్చి 1940లో స్టీలర్స్‌గా మారారు. ఆ రోజుల్లో అది చెల్లింది.

టైటాన్స్ మాట తీసుకుంటే మన దగ్గరే తెలుగు టైటాన్స్ ఉంది. 2014లో కబడ్డీ లీగ్ మొదలైనప్పుడు వాళ్ల సొంత మ్యాచ్‌లు విశాఖలోనే జరిగాయి. 2022లో ఐపీఎల్‌లోకి గుజరాత్ టైటాన్స్ వచ్చింది. అదే ఏడాది మన వైజాగ్‌లో మొదలైన ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌లో గోదావరి టైటాన్స్ కూడా ఉండేది. "ఇంతమంది వాడుతున్నారు కదా, మనం వాడితే ఏం?" అని మా టీమ్‌లో ఒకడు అడిగాడు. ప్రశ్న బాగానే ఉంది. రద్దీగా ఉన్న మాట మీద ఎవరికీ గట్టి పట్టు ఉండదు, నిజమే. కానీ రేపు మీ పేరుకు కాస్త గుర్తింపు వచ్చాక గాజువాకలో ఇంకొకడు అదే మాట పెట్టుకుంటే మీరూ అడ్డుకోలేరు. వాళ్లలో డబ్బున్నవాడు మీ మీదకు వస్తే తట్టుకోలేరు. రెండు వైపులా నష్టమే.

రెండో పని: మన ఊరినుంచే పేరు తీయండి, కానీ చూసి తీయండి

చట్టం దృష్టిలో పేర్లన్నీ ఒక్కలాంటి బలం ఉన్నవి కావు. 'విశాఖ క్రికెట్ క్లబ్' లాంటిది ఊరినీ ఆటనూ చెప్పే మాటే తప్ప మిమ్మల్ని చెప్పదు. దాన్ని రిజిస్టర్ చేయించుకోవడమే కష్టం. 9వ సెక్షన్ ప్రకారం ఊరిని, పనిని, నాణ్యతను మాత్రమే చెప్పే మాటలకు అభ్యంతరం వస్తుంది. ఎవరూ ఆటకు వాడని మాటను తెచ్చి టీమ్‌కు పెడితే బలం ఎక్కువ. అసలు లేని మాటను మీరే పుట్టిస్తే ఇంకా ఎక్కువ.

సముద్రం పక్కనే ఉండి ఆఫ్రికా సింహాల వెంట ఎందుకు పడాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మన దగ్గర లంగరు ఉంది, తెడ్డు ఉంది, తెరచాప ఉంది. పడవ నడిపే సరంగు ఉన్నాడు. ఆటుపోట్లలో పోటు ఉంది. 'పోటు' అంటే పొడవడం కూడా కాబట్టి కబడ్డీ టీమ్‌కు భలే ఉంటుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. వీటిలో ఏ మాటనైనా కొద్దిగా మెలితిప్పితే ఎవరికీ లేని పేరు దొరుకుతుంది. ఇవి ఖాళీగా ఉన్నాయని నేను చెప్పడం లేదు. వెతకడానికి మంచి చోట్లు అంటున్నాను, అంతే.

ఊరి గుర్తులన్నీ మనవే అనుకోవద్దు. డాల్ఫిన్స్ నోస్ కొండ చూసి 'వైజాగ్ డాల్ఫిన్స్' అనుకున్నారనుకోండి. డాబాగార్డెన్స్‌లో డాల్ఫిన్ హోటల్ తెలియనివాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు? వాళ్లే స్పాన్సర్ చేస్తున్నారనుకుంటారు. బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ చూసి 'కుర్సుర' అని పెట్టుకుంటే నేవీ టీమ్ అనుకుంటారు. తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్లో నేవీ గుర్తులకు దూరంగా ఉండటమే మంచిది. సరిగ్గా ఇలాంటి గొడవే అమెరికాలో జరిగింది. లాస్‌వేగాస్ హాకీ జట్టు 'గోల్డెన్ నైట్స్' అని పెట్టుకుంటే అది తమ పారాచూట్ దళం పేరని అక్కడి సైన్యం 2018లో అభ్యంతరం వేసింది. ఆ ఏడాది జులైలో ఇద్దరూ ఒప్పందానికి వచ్చాక గానీ గొడవ తేలలేదు. వాళ్లకు లాయర్లకు పెట్టేంత డబ్బుంది. మన దగ్గర అంత ఎక్కడిది?

దేవుడి పేర్ల సంగతి వేరు. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకుంటే సాధారణంగా ఎవరూ వద్దనరు, కానీ అది మీ ఒక్కరిదీ కాదు. అగరుబత్తీల మీద 'రామాయణ్' అన్న మాటను ఒక్కరి సొత్తుగా ఇవ్వలేమని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ దారిలోనే ఆలోచించండి. పక్కన ఇంకో గట్టి మాట లేకుండా దేవుడి పేరు ఒక్కదాన్నే పట్టుకుంటే ఆ పేరుకు కాపలా కాయలేరు.

బతికున్న ఆటగాడి పేరు అసలు వద్దు. అభిమానం కొద్దీ పెట్టినా, బతికున్నవారి పేరు గానీ, చనిపోయి 20 ఏళ్లు నిండనివారి పేరు గానీ దరఖాస్తులో ఉంటే అనుమతి పత్రం తెమ్మని రిజిస్ట్రార్ అడగవచ్చు. ముద్దుపేర్లకూ ఇదే జాగ్రత్త. 'కెప్టెన్ కూల్' అన్న మాట కోసం ధోనీ పెట్టుకున్న దరఖాస్తు 2025 జూన్‌లో ట్రేడ్ మార్క్స్ జర్నల్‌లో (పరిశీలన దాటిన పేర్లను అందరూ చూసేలా రిజిస్ట్రీ అచ్చేసే పత్రిక) అచ్చయింది. 1942లో కన్నుమూసిన కోడి రామ్మూర్తి నాయుడు లాంటి వారి పేరుకు ఆ ఇరవై ఏళ్ల అడ్డు లేదు. అయినా కుటుంబాన్ని ఒక మాట అడగడం మన పద్ధతి.

ఇక చట్టమే తలుపు మూసిన పేర్లు కొన్ని ఉన్నాయి. 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం ప్రకారం జాతీయ జెండా, ఐక్యరాజ్యసమితి పేరు, ప్రభుత్వం అండ ఉన్నట్టు తోచే పేర్లు వాడకూడదు. లోగోలో అశోక స్తంభం సింహాలు పెట్టాలన్న ఆలోచన మీ డిజైనర్‌కు వస్తే అక్కడే ఆపండి.

మూడో పని: ఐపీ ఇండియా సైట్‌లో వెతకండి

ఈ పని ఒక సాయంత్రం తీసుకుంటుంది. డబ్బేమీ కట్టక్కర్లేదు. ఐపీ ఇండియా అంటే ట్రేడ్‌మార్కులు నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసు సైట్. అందులో ట్రేడ్ మార్క్స్ విభాగంలో పబ్లిక్ సెర్చ్ అని ఉంటుంది. ఓటీపీ అడుగుతుంది, ఇవ్వండి. లోపల మీరు నింపాల్సినవి రెండే: పేరు, క్లాసు.

క్లాసు అంటే స్కూల్ క్లాసు కాదు. ప్రపంచంలోని సరుకులనూ సేవలనూ 45 గదుల్లో సర్దిన పట్టిక అది. మొదటి 34 సరుకులవి, మిగతా 11 సేవలవి. స్పోర్ట్స్ టీమ్‌కు ముఖ్యమైనది 41. ఆటలు, వినోదం, శిక్షణ అన్నీ అందులోకే వస్తాయి. జెర్సీలు, టోపీలు, బూట్లు 25లో ఉంటాయి. బ్యాట్లు, బంతులు, ప్యాడ్లు 28లో. షాపు పెట్టి అమ్ముతారనుకుంటే 35. చాలామంది 41 ఒక్కటే చూసి "ఖాళీగా ఉంది" అని పండగ చేసుకుంటారు. జెర్సీ మీద పేరు వేసిన మరుక్షణం మీరు 25లో కాలు పెట్టినట్టే. అమెరికాలో యూటా రాష్ట్రం హాకీ జట్టు 'యెటీస్' అని పెట్టుకోవాలనుకుంది. ఆ పేరుతో ఉన్నది హాకీ జట్టు కాదు, కూలర్లూ ఫ్లాస్కులూ అమ్మే కంపెనీ. అయినా 2025 జనవరిలో అక్కడి ట్రేడ్‌మార్క్ ఆఫీసు కుదరదంది. చివరికి వాళ్లు 'మామత్' అన్న పేరుతో సరిపెట్టుకున్నారు.

పేరును ఒక్క రకంగా టైపు చేసి వదలొద్దు. మన తెలుగువాళ్లకు వి, డబ్ల్యూ రెండూ ఒకటే. కాబట్టి రెండు స్పెల్లింగులూ వేయండి. చివర ఎస్ ఉంటే జెడ్ కూడా పెట్టి చూడండి. 'కలిగి ఉన్న' (కంటెయిన్స్) అనే తరహాలో వెతికితే ఊరి పేరు ముందు ఏది ఉన్నా దొరుకుతుంది. దాని పక్కనే ధ్వని ఆధారంగా వెతికే ఆప్షన్ ఉంటుంది, అదీ నొక్కండి. ఆపైన అర్థం కూడా చూడండి. మీరు 'కెరటాలు' అనుకుంటే 'వేవ్స్' వెతకండి, 'తరంగ్' కూడా వెతకండి. తెలుగు లిపిలో పేరు పెట్టుకుంటే దరఖాస్తులో దాని ఉచ్చారణా అర్థమూ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఇవ్వాలి. అంటే తెలుగులో దాక్కుని తప్పించుకోవడం కుదరదు.

ఎంత పోలిక ఉంటే ఎక్కువ? దీనికి 1962 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చదివితే చాలు. 'అమృతధార' అనే మందు ఉండగా ఇంకొకరు 'లక్ష్మణ్‌ధార' తెచ్చారు. అమృతం వేరు, లక్ష్మణుడు వేరు అని వాదించారు. కోర్టు పేరును ముక్కలుగా కోసి చూడలేదు. మామూలు మనిషి, అరకొర జ్ఞాపకంతో, మొత్తం పేరు విన్నప్పుడు ఎలా ఉంటుందన్నదే చూసి, రెండూ పొరపాటు పడేంత దగ్గరగా ఉన్నాయంది. మన భాషలో చెప్పాలంటే మద్దిలపాలెం జంక్షన్‌లో బస్సు కిటికీలోంచి ఫ్లెక్సీని ఒక్కసారి చూసినవాడు రెండు రోజుల తర్వాత ఏమని గుర్తు పెట్టుకుంటాడు? మా అమ్మ మీద నేను ఈ పరీక్ష పెడుతుంటాను. సాయంత్రం పేరు చెప్పి మర్నాడు అడుగుతాను. ఆవిడ టీవీలో చూసిన టీమ్ పేరు చెబితే ఆ పేరు కొట్టేస్తాను.

ఫలితాల్లో ప్రతి పేరు పక్కన ఒక స్టేటస్ ఉంటుంది. రిజిస్టర్డ్ అని ఉంటే విషయం స్పష్టమే. 'అబ్జెక్టెడ్' అని ఉంటే చాలామంది పేరు పోయిందనుకుంటారు. పోలేదు. పరిశీలకుడు ప్రశ్న అడిగాడు, జవాబు రావాల్సి ఉంది అంతే. 'అపోజ్డ్' అంటే ఇంకెవరో అడ్డు చెప్పారు, వాదన నడుస్తోంది. ఇలాంటి పేర్ల దగ్గరికి వెళ్లకండి, ఇద్దరి గొడవలో మూడోవాళ్లవుతారు. 'అబాండన్డ్' అని ఉన్నా సంబరపడొద్దు. దరఖాస్తు వదిలేసినవాడు పేరును వాడటం వదిలేశాడని కాదు.

లోపలికి వెళ్లి చూస్తే ఎప్పటినుంచి వాడుతున్నారో తేదీ ఉంటుంది. ఆ తేదీలన్నిటినీ రాసిపెట్టుకోండి, లేదా స్క్రీన్‌షాట్లు తీయండి. మీరు వెతికిన రోజు తేదీతో ఒక ఫోల్డర్‌లో దాచండి. రేపు ఎవరైనా "కావాలనే కాపీ కొట్టారు" అంటే అదే మీ జవాబు.

నాలుగో పని: రికార్డుల బయట కూడా వెతకండి

ఇది చాలామంది వదిలేసే పని. మన దేశంలో రిజిస్టర్ చేయించుకున్నవాడికంటే ముందునుంచి వాడుతున్నవాడికి విలువ ఉంది. 34వ సెక్షన్ ముందునుంచి వాడుతున్నవాడిని కాపాడుతుంది. రిజిస్ట్రేషన్ లేకపోయినా పేరున్నవాడు, తన పేరుతో ఇంకొకరు చెలామణి అవుతున్నారంటూ 'పాసింగ్ ఆఫ్' అనే కేసు వేయగలడు. కాబట్టి ఐపీ ఇండియాలో లేదని ధీమా వద్దు.

ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, ఫేస్‌బుక్ వెతకండి. పోర్టు స్టేడియం దగ్గరా, రైల్వే గ్రౌండ్ దగ్గరా టోర్నమెంట్లు నడిపేవాళ్లను అడగండి. పదేళ్ల డ్రాలన్నీ నోటికి చెప్పే పెద్దమనిషి ఒకరు ప్రతి గ్రౌండ్ దగ్గరా ఉంటారు. జెర్సీలు ప్రింట్ చేసే షాపువాళ్లను అడిగితే ఇంకా మంచిది. జిల్లాలో ఎన్ని 'టైగర్స్' ఉన్నాయో వాళ్ల కంప్యూటర్‌లో ఫైళ్లు చూసి చెప్పేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి వైపూ విచారించండి, టోర్నమెంట్లలో ఎదురయ్యేది వాళ్లే.

చిన్న టీమ్ కదా అని తీసిపారేయొద్దు. 2021 జులైలో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ బేస్‌బాల్ జట్టు పేరు మార్చుకుని 'గార్డియన్స్' అని ప్రకటించింది. అదే ఊళ్లో చక్రాల బూట్లతో ఆడే రోలర్ డెర్బీ జట్టు 2013 నుంచి అదే పేరుతో ఉంది. అక్టోబరులో ఆ చిన్న జట్టు కోర్టుకెళ్లింది. నవంబరుకల్లా పెద్ద జట్టు రాజీకొచ్చింది. ఇప్పుడు ఇద్దరూ ఆ పేరు వాడుకుంటున్నారు.

లోగో గురించి

పేరు మీదైనా బొమ్మ మీది కాకపోవచ్చు. డిజైనర్‌కు మూడు వేలు ఇచ్చి లోగో గీయించుకుంటే అది మనదే అనుకుంటాం. సాధారణంగా కాపీరైట్ గీసినవాడిదే, రాతపూర్వకంగా రాసిస్తే తప్ప. రాసిచ్చే కాగితంలో కాలపరిమితి లేకపోతే అయిదేళ్లకే పరిమితమవుతుంది. ఆ మాట మా డిజైనర్‌కూ తెలియదు, మాకూ తెలియదు. కాబట్టి ఎల్లకాలానికి, ప్రపంచమంతటికీ ఇస్తున్నానని ఒక పేజీ రాయించి సంతకం తీసుకోండి.

కాన్వా లాంటి యాప్‌లలోని రెడీమేడ్ సింహాలు, గద్దలు వద్దు. అవి అందరికీ ఇచ్చే బొమ్మలు, వాటితో చేసిన లోగోను ట్రేడ్‌మార్క్ చేసుకోవడానికి వాళ్ల నిబంధనలే ఒప్పుకోవు. మా పులి తల అక్కడినుంచి వచ్చిందే.

అయిదో పని: దరఖాస్తు

ఆంధ్రప్రదేశ్‌కు ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రీ ఆఫీసు చెన్నైలో ఉంది. వెళ్లక్కర్లేదు, ఆన్‌లైన్‌లో టీఎం-ఏ ఫారం వేయవచ్చు. వ్యక్తి పేరుతోనో, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థ పేరుతోనో వేస్తే ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు. మిగతావాళ్లకు 9,000. అంటే 41, 25 రెండింటికీ వ్యక్తిగా వేస్తే 9,000 అవుతుంది. ఏజెంటు ఫీజు వేరే. దరఖాస్తు తిరస్కరించినా డబ్బు తిరిగి రాదు.

డబ్బు ఒక్కదానికే ఉంటే లోగో కంటే ముందు పేరును మాటగా వేయండి. లోగో రెండేళ్లకోసారి మారుస్తారు, పేరు మార్చరు.

ఇప్పటికే వాడుతున్న పేరైతే ఎప్పటినుంచో తేదీ రాసి అఫిడవిట్ పెట్టాలి, రుజువులు జతచేయాలి. జెర్సీ షాపు బిల్లు, టోర్నమెంటు పోస్టరు, పేపర్‌లో వచ్చిన వార్త, ఎంట్రీ ఫీజు రసీదు లాంటివి పనికొస్తాయి. మనవాళ్లు ట్రోఫీ దాస్తారు, బిల్లు పారేస్తారు. ఈ పనికి ట్రోఫీకంటే బిల్లే ముఖ్యం.

ఆ తర్వాత పరీక్షా నివేదిక వస్తుంది. అందులో అభ్యంతరాలుంటే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసినట్టు లెక్క. నివేదిక మీరిచ్చిన మెయిల్‌కే వస్తుంది. ఎవరూ తెరవని టీమ్ మెయిల్ ఐడీ ఇచ్చి వదిలేయకండి. అన్నీ దాటితే జర్నల్‌లో పేరు అచ్చవుతుంది. అక్కడినుంచి నాలుగు నెలలు ఎవరైనా అభ్యంతరం వేయవచ్చు. ఎవరూ రాకపోతే సర్టిఫికెట్ వస్తుంది. దరఖాస్తు వేసిన తేదీనుంచి పదేళ్లు చెల్లుతుంది, ఆపైన రెన్యువల్.

సర్టిఫికెట్ వచ్చేదాకా పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. గుండ్రంలో ఆర్ గుర్తు మాత్రం వద్దు. రిజిస్టర్ కాకుండా దాన్ని వాడటం చట్టరీత్యా తప్పు.

సొసైటీగా నమోదైతే పేరు మీదే అనుకోవడం ఇంకో భ్రమ. ఏపీ సొసైటీల చట్టం 2001 కింద ఏడుగురు కలిసి క్లబ్బును నమోదు చేసుకోవచ్చు, బ్యాంకు ఖాతాకు అది పనికొస్తుంది. ట్రేడ్‌మార్క్ హక్కు మాత్రం దానితో రాదు. వెబ్‌సైట్ పేరు కొనుక్కున్నా రాదు.

పేరు ఎవరిది?

బయటివాళ్లతో వచ్చే గొడవలకంటే ఇది దారుణం. కెప్టెన్ ఉత్సాహంగా తన పేరున దరఖాస్తు వేస్తాడు. 4,500తో అయిపోతుంది కదా అని అందరూ సరే అంటారు. రెండేళ్లకు టీమ్ రెండుగా చీలుతుంది. చీలని టీమ్ ఉందా ఈ ఊళ్లో? అప్పుడు పేరు కెప్టెన్‌తో పాటు వెళ్లిపోతుంది, అందరూ కలిసి తెచ్చిన గుర్తింపు కూడా. వ్యక్తి పేరున వేయడంలో తప్పు లేదు. అయితే అదే రోజు వంద రూపాయల స్టాంపు కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: పేరు టీమ్ అందరిదీ, సొసైటీ ఏర్పడ్డాక దానికి రాసిస్తాను, నేను వెళ్లిపోతే పేరు తీసుకెళ్లను. సంతకాలు అందరివీ. బాబాయ్ కొడుకైనా, క్లాస్‌మేట్ అయినా సరే. రాసుకోవడానికి అడ్డుపడేవాడే రేపు అడ్డుపడేవాడు.

స్పాన్సర్ తన షాపు పేరు టీమ్ పేరులో కలపమంటే కూడా ఇదే. బెంగళూరు ఐపీఎల్ జట్టు పేరు రాయల్ ఛాలెంజ్ అనే మద్యం బ్రాండునుంచి వచ్చింది, అయితే ఆ పేరు పెట్టినప్పుడు జట్టూ బ్రాండూ ఒకే ఇంటివి. మీ స్పాన్సర్ ఏడాదికి వస్తాడు, పోతాడు. పోయిన రోజునుంచి ఎన్నాళ్లలో పేరు తీసేయాలి, మిగిలిన జెర్సీలు ఏం చేయాలి అన్నది ముందే రాసుకోండి.

అయినా నోటీసు వస్తే

మొదటి పని, గ్రూపులో పెట్టి నలుగురూ నాలుగు రకాల జవాబులు పంపకుండా ఆపడం. మేం ముగ్గురం ముగ్గురికి వేర్వేరుగా మెసేజ్‌లు పెట్టాం. ఒకడు క్షమాపణ చెప్పాడు, ఒకడు సవాలు చేశాడు, ఒకడు పేరు కొనుక్కుంటామన్నాడు. అవతలివాళ్లు నవ్వుకుని ఉంటారు. ఒక్కరే మాట్లాడాలి, అదీ రాతలో. వాళ్లిచ్చిన నంబరు ఐపీ ఇండియాలో వేసి చూడండి: నిజంగా ఉందా, ఏ క్లాసులో ఉంది, ఎప్పటినుంచి వాడుతున్నారు? మీ బిల్లుల్లో పాత తేదీ దాని పక్కన పెట్టండి. మీదే ముందైతే ధైర్యంగా లాయర్ దగ్గరికి వెళ్లండి. వాళ్లదే ముందైతే, పేరు దగ్గరగా ఉంటే, వాదన మీద పెట్టే డబ్బు కొత్త జెర్సీలకు పెట్టుకోవడం మేలు. పాత స్టాకు అయిపోయేదాకా, లేదా జరుగుతున్న టోర్నమెంటు పూర్తయ్యేదాకా గడువు అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది ఇస్తారు. ఒప్పుకున్నది మాత్రం కాగితం మీద తీసుకోండి. నోటీసుకు జవాబే ఇవ్వకుండా కూర్చుంటే ఇన్‌స్టాగ్రామ్‌కు ఫిర్యాదు వెళ్తుంది, పేజీ పోతుంది. అలాంటి కేసులు జిల్లా కోర్టుకంటే కిందిస్థాయిలో వేయడానికి లేదు. అంటే ఖర్చు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

మా కొత్త పేరు సముద్రం వైపునుంచే వచ్చింది. 41లో దరఖాస్తు వేశాం, జర్నల్‌లో అచ్చయింది, నాలుగు నెలల్లో ఇంకా ఆరు వారాలు మిగిలి ఉన్నాయి. జర్నల్ ప్రతి సోమవారం వస్తుంది. మన పేరుకు దగ్గరగా ఉన్న పేరు ఇంకెవరిదైనా అందులో పడిందేమో చూసే డ్యూటీ మా వికెట్‌కీపర్‌ది. ఈ ఆరు వారాలయ్యేదాకా కొత్త జెర్సీలకు అడ్వాన్స్ ఇవ్వొద్దని ట్రెజరర్‌కు గట్టిగా చెప్పాం. ప్రస్తుతానికి అందరం తెల్ల టీషర్టులతోనే ఆడుతున్నాం.